పొలిమేర దాటని చాటింపు

ఒక కార్యాలయమును ఊహించుకొందము. పాత భవనములో లెక్కల విభాగము, దారికి ఆవల కొత్త భవనములో సిబ్బంది విభాగము ఉన్నవి. రెండింటను కంప్యూటర్లు ఉన్నవి. రెంటికి నడుమ తీగయు వేసియున్నారు. నెలాఖరున జీతముల బిల్లు తయారు కావలసిన దినము వచ్చినది. లెక్కల గుమాస్తా తన కంప్యూటరుపై 'నెట్‌వర్క్' అను చిహ్నమును తెరచి చూచినాడు. తన గదిలోని యంత్రముల పేర్లన్నియు వరుసగా కనబడినవి. ఆవలి భవనములోని యంత్రము పేరు ఒక్కటియు లేదు. అతనికి కావలసిన హాజరు పట్టీ ఉన్నది ఆవలి యంత్రములోనే. అది చెడిపోయినదని ఒకరు, తీగ తెగినదని ఒకరు, వైరస్ పట్టినదని మరియొకరు తీర్పు చెప్పిరి. ఆవలి భవనములో మాత్రము ఆ యంత్రము నిక్షేపముగా పనిచేయుచునే యున్నది.

ఈ చిక్కు ఏ ఒక్క కార్యాలయమునకో పరిమితమైనది కాదు. రెండు చిన్న నెట్‌వర్కులను కలిపి వాడుకొను ప్రతి చోట ఇది ఎదురగును. ఈ దినములలో ఇండ్లలో సైతము ఎదురగుచున్నది. మూలము తెలిసికొన్నచో పరిష్కారము కష్టము కాదు. తెలియనిచో మాత్రము బాగున్న యంత్రమును చెడగొట్టుకొనుట, తెరవరాని తలుపును తెరచుకొనుట జరుగును. కావున ఈ విషయమును మొదటినుండి కొంచెము విపులముగా చెప్పుకొందము.

నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరునకు ఒక చిరునామా ఉండును. నేటికిని కార్యాలయములలో విరివిగా వాడుచున్న చిరునామా పద్ధతి 1981లో స్థిరపడినది. దాని ప్రకారము చిరునామా నాలుగు సంఖ్యల కూర్పు. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. లెక్కల విభాగములోని యంత్రము 192.168.1.20 అనియు, సిబ్బంది విభాగములోని యంత్రము 192.168.2.30 అనియు అనుకొందము. ఈ చిరునామాతోపాటు 'సబ్‌నెట్ మాస్క్' అను మరియొక సంఖ్యల వరుస కూడ ప్రతి యంత్రములోను ఉండును. అది 255.255.255.0 అయినచో, చిరునామాలోని మొదటి మూడు సంఖ్యలు ఊరి పేరు వంటివి, చివరిది ఇంటి నంబరు వంటిది అని అర్థము. అనగా 192.168.1 ఒక ఊరు, 192.168.2 వేరొక ఊరు. ఇట్టి ఊరినే సబ్‌నెట్ అందురు. ఒక్కొక్క ఊరిలో 256 సంఖ్యలు ఉండును. మొదటి సంఖ్య ఆ ఊరిని సూచించుటకు, చివరి సంఖ్య ఊరంతటికి చాటింపు వేయుటకు ప్రత్యేకింపబడినవి. మిగిలిన 254 సంఖ్యలను యంత్రములకు ఇయ్యవచ్చును.

ఒకే ఊరిలోని యంత్రములు తమలో తాము నేరుగా మాటలాడుకొనును. పొరుగూరికి కబురు పంపవలసినప్పుడు మాత్రము దానిని పొలిమేరలో కాచియున్న రౌటరు అను యంత్రమునకు అప్పగింపవలెను. రౌటరు చిరునామా చూచి కబురును ఆవలి ఊరిలో అందజేయును. ఇంతవరకు ఇది మనకు తెలిసిన తపాలా పద్ధతియే.

ఇక చాటింపు సంగతి. రేడియోవారమైన మాకు 'బ్రాడ్‌కాస్ట్' అను మాట నిత్యము నోట నానునట్టిది. మేము ఒక గదిలో కూర్చుండి పలికిన పలుకు రేడియో తెరచిన ప్రతి ఇంటను వినబడవలెనని మా కోరిక. మీడియం వేవ్ ప్రసారము జిల్లాల సరిహద్దులను లెక్కచేయదు. కంప్యూటరు నిపుణులు ఇదే మాటను తీసికొని కొంత సంకుచితమైన అర్థములో వాడుచున్నారు. వారి బ్రాడ్‌కాస్ట్ ఊరిలో టముకు వేయుట వంటిది. 192.168.1.255 అను చిరునామాకు తన ఊరినుండి ఒక యంత్రము పంపిన కబురు ఆ ఊరిలోని ప్రతి యంత్రమునకు వినబడును. పొలిమేర దగ్గర మాత్రము రౌటరు దానిని ఆపివేయును. ఇది రౌటరులోని లోపము కాదు, దాని ధర్మము. అన్ని ఊళ్ళ టముకులు అన్ని ఊళ్ళలోను మ్రోగినచో ఎవరికిని తమ పని చూచుకొను తీరిక ఉండదు. పెద్ద నెట్‌వర్కును సబ్‌నెట్‌లుగా విభజించుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది.

మన గుమాస్తా చూచిన పేర్ల జాబితా ఈ టముకు మూలముననే తయారగుచున్నది. అది ఎచ్చటనో రిజిస్టరులో వ్రాసి భద్రపరచిన పట్టిక కాదు. 'నేనున్నాను' అని యంత్రములు చాటగా, విన్నవారు వ్రాసికొన్న పట్టిక. వినబడని వాని పేరు అందులోనికి ఎక్కదు. కావున ఆ జాబితాలో పేరు లేకపోవుట వేరు, యంత్రము లేకపోవుట వేరు. ఈ భేదమును గ్రహించినచో సగము చిక్కు విడిపోయినట్లే.

ఈ జాబితాకు ఒక చరిత్ర కలదు. 1983లో ఐ.బి.ఎమ్. వారి చిన్న నెట్‌వర్కు కొరకు సైటెక్ అను సంస్థ నెట్‌బయోస్ అను ఏర్పాటును సిద్ధపరచినది. ఒకే గదిలోనో, ఒకే అంతస్తులోనో ఉన్న కొలది యంత్రములు ఒకదానినొకటి పేరుతో పిలుచుకొనుటకు ఉద్దేశించినది అది. పొరుగూరి ప్రసక్తియే అందులో లేదు. పేరునకు 15 అక్షరములు మాత్రమే వాడుకొనవచ్చును. పదునారవది ఆ యంత్రము చేయు సేవను తెలుపుటకు. తరువాత మైక్రోసాఫ్టువారి విండోస్ యంత్రములు ఈ పునాదిమీదనే జాబితాను నిర్మించుకొన్నవి. ప్రతి సబ్‌నెట్‌లోను యంత్రములు తమలో ఒకదానిని జాబితా పెద్దగా ఎన్నుకొనెడివి. ఆ ఎన్నికయు టముకు మీదనే జరిగెడిది. ప్రతి యంత్రము తొలుత వెంటవెంటనే, పిమ్మట 12 నిమిషములకు ఒకసారి తన ఉనికిని చాటెడిది. వరుసగా మూడు చాటింపులు వినబడనిచో, అనగా 36 నిమిషములు గడచిన పిమ్మట, దాని పేరు జాబితానుండి తీసివేయబడెడిది. అందుచేత ఆపివేసిన యంత్రము పేరు చాలసేపు కనబడుటయు, కొత్తగా తెరచిన యంత్రము పేరు కొంతసేపు కనబడకపోవుటయు సహజముగా జరిగెడివి.

రెండు ఊళ్ళ జాబితాలను ఒక్కటి చేయవలెనన్నచో ఊరిపెద్దల పైన ఇంకొక పెద్ద కావలసి వచ్చెను. డొమైను అను ఏర్పాటు ఉన్న కార్యాలయములలో ఒక ప్రధాన యంత్రము ఆ పని చేసెడిది. ఒక్కొక్క ఊరిపెద్ద తన జాబితాను దానికి నేరుగా చిరునామా మీద పంపి, సమగ్ర జాబితాను తిరిగి తెచ్చుకొనెడిది. ఆ ప్రధాన యంత్రము ఎచ్చటనున్నదో తెలియుటకు 'విన్స్' అను పేర్ల కచ్చేరీ యంత్రమో, చేతితో వ్రాసిన పట్టికయో అవసరమయ్యెను. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించిన సాంబా అను సాధనము కూడ ఈ పనులన్నియు చేయగలిగినది. డొమైను లేక, 'వర్క్‌గ్రూప్' పద్ధతిలోనే నడచు చిన్న కార్యాలయములలో మాత్రము ఆ పై పెద్ద ఉండడు. ఏ ఊరి జాబితా ఆ ఊరిదే.

2017 తరువాత ఈ పాత ఏర్పాటు చాలవరకు అంతరించినది. నేటి విండోస్ యంత్రములు వేరొక పద్ధతిలో చాటుకొనుచున్నవి. 239.255.255.250 అను సామూహిక చిరునామాకు 3702వ పోర్టు మీదుగా 'ఎవరున్నారు?' అని అడుగును, ఉన్నవారు పలుకుదురు. ప్రింటర్లు, టెలివిజనులు, చరవాణులు ఎక్కువగా 224.0.0.251 అను చిరునామాను వాడును. 224.0.0 తో మొదలగు చిరునామాలకు పోవు కబురును రౌటర్లు దాటనీయరాదని నియమమే కలదు. మొదటి పద్ధతిలోని కబురును సైతము సాధారణముగా పొలిమేర దాటనట్లే పంపుదురు. టముకు మారినది కాని, పొలిమేర మారలేదు.

కావున మన గుమాస్తా వేసికొనవలసిన ప్రశ్న 'పేరు ఎందుకు కనబడలేదు?' అన్నది కాదు. అతడు నాలుగు ప్రశ్నలను విడివిడిగా, వరుసగా వేసికొనవలెను. ఆవలి ఊరికి దారి ఉన్నదా? ఆవలి ఇంటి తలుపు తెరచుకొనుచున్నదా? పేరు చెప్పినచో చిరునామా తెలియుచున్నదా? ఈ మూడును కుదిరిన పిమ్మటనే, జాబితాలో పేరు కనబడుచున్నదా? వరుస తప్పినచో శ్రమయంతయు వ్యర్థము. తలుపు మూసియుండగా దారిని త్రవ్వి చూచుట వలన ప్రయోజనము లేదు.

మొదట దారి సంగతి. రెండు యంత్రములలోను 'ఐపీకాన్ఫిగ్' అను ఆజ్ఞనిచ్చి చిరునామా, మాస్క్, రౌటరు చిరునామా అను మూడింటిని కాగితముపై వ్రాసికొనవలెను. ఇందు మాస్క్ తప్పు మిక్కిలి మోసకరమైనది. లెక్కల యంత్రములో 255.255.255.0 ఉండవలసిన చోట 255.255.0.0 ఉన్నదనుకొందము. అప్పుడు 192.168.2.30 కూడ తన ఊరిలోనిదే అని అది భ్రమించును. కబురును రౌటరునకు ఇయ్యక, తన ఊరిలోనే కేకవేసి వెదకును, పలుకువారుండరు. విచిత్రమేమనగా అట్టి యంత్రములో ఇంటర్నెట్ చక్కగా నడచుచుండును, తన గదిలోని యంత్రములన్నియు దొరకుచుండును, పొరుగు విభాగమొక్కటియే దొరకదు. ఈ లక్షణము కనబడినప్పుడు మొదట మాస్కును చూడవలెను.

మాస్కులు సరిగా ఉన్నచో 'పింగ్' అను ఆజ్ఞతో దారిని పరీక్షింపవచ్చును. మొదట మన రౌటరును, పిమ్మట ఆవలి సబ్‌నెట్ వైపునున్న రౌటరు చిరునామాను, చివరకు ఆవలి యంత్రమును పలుకరింపవలెను. ఎచ్చట జవాబు ఆగిపోయినదో అచ్చట వెదకవలెను. పోవు దారి ఉన్నంతమాత్రమున వచ్చు దారి ఉన్నదనుకొనరాదు. రెండు భవనములలో రెండు వేరు రౌటర్లు ఉన్నప్పుడు మన కబురు ఆవలి యంత్రమునకు చేరును. అది వ్రాసిన జవాబును మాత్రము దాని రౌటరు, మన ఊరి పేరు ఎరుగక, ఇంటర్నెట్ వైపునకు తోసివేయును. ఉత్తరము చేరినది, జవాబు దారి తప్పినది. అప్పుడు ఆ రౌటరులో '192.168.1 ఊరికి దారి ఇది' అని ఒక పంక్తి వ్రాసినచో సరిపోవును.

పింగ్‌కు జవాబు రానంతమాత్రమున యంత్రము లేదని నిశ్చయింపరాదు. విండోస్‌లోని ఫైర్‌వాల్, అనగా రక్షణ గోడ, పొరుగూరినుండి వచ్చు పలుకరింపులను పట్టించుకొనకపోవచ్చును. ఇదియే రెండవ ప్రశ్నకు, అనగా తలుపు సంగతికి, దారితీయును.

ఫైళ్ళు పంచుకొను తలుపు 445వ పోర్టు. జాబితాను ప్రక్కన పెట్టి, రెండు వాలుగీతలు గీసి, వాని వెంట ఆవలి యంత్రము చిరునామానే అంకెలలో వ్రాసి తెరువవలెను. తెరచుకొన్నచో జీతముల బిల్లునకు అడ్డంకి తీరినట్లే. మిగిలినది పేరు వ్యవహారము మాత్రమే. తెరచుకొననిచో 'నెట్ యూజ్' అను ఆజ్ఞ ఇచ్చినప్పుడు వచ్చు తప్పు సంఖ్యను గమనింపవలెను. 53 వచ్చినచో మనము ఇంకను తలుపు దగ్గరకు చేరలేదు. 5 గాని, 1326 గాని వచ్చినచో తలుపు దగ్గరకు చేరితిమి. లోపలివారు ప్రవేశమునకు ఒప్పుకొనలేదు. మొదటి దానికి మందు దారిలోనో, ఫైర్‌వాల్‌లోనో ఉన్నది. రెండవ దానికి మందు వాడుకరి పేరు, రహస్యపదము, అనుమతులలో ఉన్నది. ఈ రెంటిని కలగాపులగము చేసినచో దినమంతయు గడచిపోవును.

53 సంఖ్యకు మూలమై తరచు కనబడు కారణమొకటి కలదు. ఫైళ్ళు పంచుకొనుటకు అనుమతించు ఫైర్‌వాల్ నియమములలో 'స్థానిక సబ్‌నెట్‌కు మాత్రమే' అను హద్దు సాధారణముగా ముందుగనే పెట్టియుండును. కావున ఆవలి గదిలో అందరికిని తెరచుకొను తలుపు మనకు తెరచుకొనదు. ఆ నియమములో మన ఊరిని, అనగా 192.168.1.0/24 అనుదానిని, అదనముగా చేర్చినచో చాలును. ఆవలి యంత్రము తన నెట్‌వర్కును 'పబ్లిక్' అనుకొని తలుపులన్నియు మూసికొని ఉన్నదేమో కూడ చూడవలెను. కార్యాలయములోని నమ్మకమైన నెట్‌వర్కును 'ప్రైవేట్' గా గుర్తింపవచ్చును.

మూడవది పేరు. అంకెలతో తెరచుకొని, పేరుతో తెరచుకొననిచో లోపము పేర్ల పట్టికలో ఉన్నది. పేరును చిరునామాగా మార్చు డి.ఎన్.ఎస్. అను పద్ధతిని పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించెను. టముకు మీద ఆధారపడక, ఒక నిర్ణీత యంత్రమును నేరుగా అడిగి తెలిసికొను పద్ధతి ఇది. అందుచేత దీనికి పొలిమేర అడ్డురాదు. కార్యాలయమునకు సొంత డి.ఎన్.ఎస్. యంత్రమున్నచో ఆవలి యంత్రముల పేర్లను అందులో నమోదు చేయవలెను. లేనిచో, యంత్రములు కొలదిగా ఉన్న చోట, ప్రతి కంప్యూటరులోను ఉండు 'హోస్ట్స్' అను ఫైలులో పేరును, చిరునామాను ఒక పంక్తిగా వ్రాసికొనవచ్చును. అట్లు చేసినప్పుడు ఆవలి యంత్రము చిరునామా తరచు మారకుండ స్థిరపరచుట అవసరము.

నాలుగవది జాబితా. దారి, తలుపు, పేరు కుదిరిన పిమ్మట జాబితాతో నిజముగా పని ఉన్నదా యని ఆలోచింపవలెను. ఆవలి యంత్రములోని ఫోల్డరును ఒక డ్రైవు అక్షరముతో తగిలించుకొన్నచో గుమాస్తా ప్రతి నెల దానిని వెదకుకొనవలసిన అగత్యమే లేదు. ప్రింటరును చిరునామాతో చేర్చుకొనవచ్చును. డొమైను ఉన్న సంస్థలలో వనరులను అందులోనే ప్రకటింపవచ్చును. అందరికిని జాబితాయే కావలెనన్నచో, చాటింపును ఒక ఊరిలో విని వేరొక ఊరిలో మరల చాటునట్టి వాహక సాధనములు కొన్ని రౌటర్లలో ఉన్నవి. వానిని అవసరమైన మేరకే వాడుట మేలు.

ఈ సందర్భమున కొందరు చేయు వైద్యములను గూర్చి హెచ్చరింపవలసియున్నది. పని తొందరలో ఫైర్‌వాల్‌ను పూర్తిగా తీసివేయుట ఒకటి. ఇది ఎలుక మీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది. పాత జాబితా మరల కనబడునను ఆశతో ఫైళ్ళు పంచుకొను పద్ధతియొక్క మొదటి కూర్పును, అనగా ఎస్.ఎమ్.బి. 1ను, తిరిగి మేల్కొలుపుట రెండవది. దాని ఫలితమును లోకము 2017 మే 12వ తేదీన చూచినది. వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఆ మొదటి కూర్పులోని లోపమును పట్టుకొని, 445వ పోర్టు మీదుగా యంత్రమునుండి యంత్రమునకు ప్రాకి, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళము వేసి సొమ్ము కోరినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని స్తంభించినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు సైతము దానికి లోనైనట్లు అప్పుడు వార్తలు వెలువడినవి. ఆ లోపమునకు మరమ్మతును మైక్రోసాఫ్టు సంస్థ మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను. వేసికొననివారే ఎక్కువగా నష్టపడిరి. ఆ సంవత్సరము అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కూర్పునుండి ఆ మొదటి కూర్పును సంస్థ విరమింప మొదలిడినది. దాని మీద ఆధారపడిన పాత జాబితా ఏర్పాటును దానితోనే పోయినది. జాబితా కనబడుట లేదన్న కొరతకై అట్టి తలుపును మరల తెరచుట వివేకము కాదు.

రెండు సబ్‌నెట్‌లను కలిపి ఒకే పెద్ద ఊరుగా చేయుట మూడవ వైద్యము. అది అన్నివేళల తప్పు కాదు. కాని జీతముల లెక్కలున్న యంత్రములను మిగిలినవానినుండి వేరుచేసినవారు ఏదో కారణముతోనే అట్లు చేసియుందురు. ఆ కారణమును విచారింపక గోడ పడగొట్టరాదు.

ఇక ఇంటి సంగతి. పాఠకులలో పలువురి ఇండ్లలో నేడు వైఫై ఉన్నది. మేడమీదికి సంకేతము అందుటలేదని రెండవ రౌటరును తెచ్చి మొదటి దానికి తగిలించినప్పుడు, తెలియకయే ఇంటిలో రెండు సబ్‌నెట్‌లు ఏర్పడవచ్చును. క్రింది గదిలోని ప్రింటరు మేడమీది చరవాణికి కనబడదు. మేడమీదినుండి చిరునామాతో పిలిచినచో ప్రింటరు పలుకవచ్చును గాని, క్రిందినుండి పైకి పిలుపు సాధారణముగా పోదు. రెండవ రౌటరు తన వెనుకనున్నవారిని మరుగుపరచును. రెండవ రౌటరును 'ఆక్సెస్ పాయింట్' పద్ధతిలో అమర్చినచో ఇల్లంతయు ఒకే ఊరగును. అతిథుల కొరకు ఏర్పరచిన వైఫైనుండి ఇంటి ప్రింటరు కనబడనిచో మాత్రము చింతింప పనిలేదు. అది కనబడకుండుటకే ఆ ఏర్పాటు.

కార్యాలయమునకు మరలివత్తము. మన గుమాస్తా యంత్రముల చిరునామాలను, పేర్లను, మాస్కును, రౌటరు సంఖ్యను ఒక అట్టముక్కపై వ్రాసి గోడకు తగిలించుకొన్నచో, వచ్చే నెలాఖరున తీర్పులు చెప్పువారి కొరకు వేచియుండనక్కరలేదు. అంకెలను టైపు చేసి తలుపు తట్టును. పలికినచో హాజరు పట్టీ చేతికి వచ్చును. పలుకనిచో, 53 వచ్చినదో, 5 వచ్చినదో చూచి ఎవరిని పిలువవలెనో తెలిసికొనును.